పిల్లికి షుగరొస్తే...

పిల్లికీ షుగరొస్తుందంటే నవ్వకండి. బాగా తింటూనే చిక్కిపోతూ, గిన్నెడు నీళ్లు తాగి మాటిమాటికీ ఉచ్చ పోస్తుంటే పశువుల డాక్టరుకు చూపించండి. ఇన్సులిన్ రాస్తే, సాధారణంగా 12 గంటలకోసారి సూది వేయాలి.

సీసా మీద 40 అని ఉంటే ఎర్రమూత సిరంజి, 100 అని ఉంటే నారింజరంగు మూత సిరంజి వాడాలి. 100 సీసా మందును 40 సిరంజితో తీస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. చిన్నప్రాణం తట్టుకోలేదు.

పరీక్షకు చెవి అంచున చిన్న చుక్క నెత్తురు చాలు. ముందుగా గోరువెచ్చని గుడ్డతో చెవికి కాపడం పెడితే సులువుగా వస్తుంది. వచ్చిన అంకెను తేదీతో రాసిపెట్టుకోండి.

మన అనంతపురంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్రిజ్ ఉంటే తలుపు వైపు అరలో పెట్టండి, ఫ్రీజర్లో వద్దు. గడ్డకట్టిన మందు పనికిరాదు. ఫ్రిజ్ లేకుంటే మట్టికుండలో తడి ఇసుక పోసి, మూత బిగించిన డబ్బాలో సీసా ఉంచి మధ్యలో పెట్టి, నీడన ఉంచండి. మన పొడిగాలికి కుండ బాగా చల్లబడుతుంది. ఇసుక ఆరనివ్వకండి.

పిల్లి తిండి ముట్టని పూట, డాక్టరును అడగకుండా సూది వేయొద్దు. తూలుతూ, వణుకుతూ ఉంటే షుగర్ పడిపోయిందేమోనని చిగుళ్లకు తేనె రాసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నోరులేని జీవం, మనమే కనిపెట్టుకోవాలి!