ఓటు విలువ 159, వాడ విలువ ఎంత?

2017 జూలై 17న వెలగపూడి అసెంబ్లీలో ఎమ్మెల్యేలు వరసకట్టి రాష్ట్రపతి ఎన్నికకు ఓట్లేశారు. పోటీలో ఉన్న రామ్‌నాథ్ కోవింద్, మీరా కుమార్ ఇద్దరూ దళితులే. ఎక్కడ విన్నా దళితులకు పట్టం అన్న మాటే. కానీ ఈ నేల మీద ఆ తేదీకి ఇంకో అర్థం ఉంది. 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. సరిగ్గా ముప్పై రెండేళ్లు! ఓటేసిన చేతుల్లో ఎన్నింటికి ఆ సంగతి గుర్తొచ్చింది?

మేం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్లం. లెక్కే అడుగుతాం. రాష్ట్రం 1971 నాటి జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో, మళ్లీ వెయ్యితో భాగించి రాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యే ఓటుకు విలువ కడతారు. మన రాష్ట్రంలో అది 159. ఆ జనాభాలో మిరపకాయలు కోసిన మన తల్లులున్నారు, పత్తి తీసిన మన అక్కలున్నారు. తలలు లెక్కేసేది వాడలో, ఓటు తేల్చేది పార్టీ ఆఫీసులో!

ఆరోజు ఓటేసిన 171 మందీ కోవింద్‌కే వేశారు. విలువ 27,189. మీరా కుమార్‌కు సున్నా. 2022లో ద్రౌపది ముర్ముకూ అంతే, ఓటేసిన 173 మందీ ఆమెకే. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ ఊళ్లో కొళాయి దగ్గర కూడా కలవని పార్టీలు. ఢిల్లీ పని పడేసరికి మాత్రం రెండుసార్లూ ఒక్కటైపోయాయి. ఎవరికేశారన్నది కాదు మా గొడవ. ఏం అడిగి వేశారు?

ఈ ఎన్నికలో విప్ ఉండదు. ఓటు రహస్యం. మాట వినలేదని సభ్యత్వం ఊడగొట్టే వీల్లేదు. 175 సీట్లలో ఎస్సీ రిజర్వుడు 29. ఆ 29 మంది ఒక్క మాట మీద నిలబడితే 4,611 విలువ. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని వేటాడి చంపారు. జనం పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మూడేళ్లకు ఓటడగొచ్చిన వాళ్లని ‘చుండూరు సంగతేంటి?’ అని మన ఎమ్మెల్యేలు అడిగారా? అడిగితే వాడకొచ్చి చెప్పారా?

నోరెందుకు పెగలదో మనకు తెలుసు. బి-ఫారం ఇచ్చేది అధినేత. ఎన్నికకు డబ్బు పెట్టేది పెద్ద కులాలు. 1932 పూనా ఒప్పందం నాటి నుంచీ సీటు మన పేరున, తాళం వాళ్ల చేతిలో.

ఇలాంటి లెక్క అమెరికాలోనూ నడిచింది. దక్షిణాది పత్తి పొలాల్లో నడుం వంచిన నల్లవాళ్లలో ఎక్కువమందికి 1912 నాటికి ఓటే లేకుండా చేశారు. అయినా రిపబ్లికన్ పార్టీ మహాసభలో అధ్యక్ష అభ్యర్థిని తేల్చేటప్పుడు ఆ రాష్ట్రాల ప్రతినిధులు టాఫ్ట్‌కు కావలసి వచ్చారు. వాళ్లలో నల్లవాళ్లూ ఉన్నారు. కొత్త పార్టీ పెట్టిన థియోడర్ రూజ్‌వెల్ట్ దక్షిణాది నల్ల ప్రతినిధులకు తన సభలో చోటివ్వలేదు. నల్లవాళ్ల నాయకుడు డుబోయిస్ విల్సన్‌ను నమ్మాడు. గెలిచాక, 1913లో, విల్సన్ ప్రభుత్వం ఆఫీసుల్లో నల్ల ఉద్యోగులను వేరుచేసి కూర్చోబెట్టింది. లెక్కకు కావాలి, పంక్తికి వద్దు!

అలాగని రాష్ట్రపతి కుర్చీ ఉత్తదని మేం అనం. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది చనిపోయారు. అది ఘోరమే. ఆ కేసులో ఇద్దరు దళిత యువకులకు ఉరి వేశారు. 1997లో ఒక రాష్ట్రపతి క్షమాభిక్ష తోసిపుచ్చారు. దళిత సంఘాలు, హక్కుల సంఘాలు వదల్లేదు. కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా 1998లో ఆ ఉరి యావజ్జీవమైంది. పైన మనవాడున్నంత మాత్రాన కాదు, కింద జనం నిలబడ్డారు గనుక.

అందుకే అన్నలారా, అక్కలారా, వచ్చే రాష్ట్రపతి ఎన్నికకు ముందే రిజర్వుడు ఎమ్మెల్యేలను వాడకు పిలుద్దాం. అంబేద్కర్ విగ్రహం ముందు నిలబెట్టి అడుగుదాం: మా జనాభాతో వచ్చిన 159ని ఎవరికిస్తున్నావు? బదులుగా మాకేం తెస్తున్నావు? జవాబు చెప్పనివాడికి మళ్లీ మన ఓటు లేదు. ఢిల్లీలో పట్టం, వాడలో పాడె – ఈ బేరం ఇక చెల్లదు.

జై భీమ్!