ఎత్తు అందింది... చదువు మెట్టే అందలేదు

2015 జూన్ 25. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్ జరిగింది. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం అది. ఆ ఏడు ఎంపికైన 60 మందిలో 52వ పేరు సత్నామ్ సింగ్ భమారా. డాలస్ మావెరిక్స్ జట్టు అతన్ని తీసుకుంది. భారత్‌లో పుట్టిన ఆటగాడికి ఆ అవకాశం దక్కడం అదే మొదటిసారి. వయసు 19 ఏళ్లు, ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. దేశమంతా పండగ చేసుకుంది.

పదేళ్లు దాటాక చూస్తే లెక్క వేరుగా ఉంది. సత్నామ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2021లో బంతి వదిలి వృత్తి రెజ్లింగ్‌లోకి వెళ్లిపోయాడు. ఇంత ప్రతిభ ఎక్కడ ఆగిపోయింది? ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, పరీక్షలో మరో భాషతో పిల్లల్ని చదివిస్తున్న మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

పద్నాలుగేళ్లకు కొత్త భాష

సత్నామ్ సొంతూరు పంజాబ్‌లోని బర్నాలా జిల్లా బల్లో కే. రైతు కుటుంబం. లుధియానా బాస్కెట్‌బాల్ అకాడమీలో ఆట నేర్చాడు. 2010లో, పద్నాలుగేళ్ల వయసులో, ఉపకార వేతనం మీద మరికొందరు భారతీయ పిల్లలతో కలిసి ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. అప్పటికి అతనికి వచ్చిన భాష పంజాబీ. ఇంగ్లిష్ దాదాపు రాదు. కోచ్ చెప్పేదీ, తరగతిలో టీచరు చెప్పేదీ ఒకేసారి కొత్త భాషలో అర్థం చేసుకోవాల్సి వచ్చింది. అయిదేళ్లలో మాట్లాడటం నేర్చుకున్నాడు. మాట్లాడటం వేరు, ఆ భాషలో పాఠం చదివి పరీక్ష రాయడం వేరు.

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌ను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. పై శ్రేణి కాలేజీ జట్లలో ఆడాలంటే హైస్కూలులో 16 ప్రధాన కోర్సులు పూర్తి చేయాలి. అందులో నాలుగేళ్ల ఇంగ్లిష్ తప్పనిసరి. అప్పట్లో వీటికి తోడు శాట్ లేదా ఏసీటీ పరీక్షలో నిర్ణీత మార్కులూ కావాలి. ఈ పరీక్ష నిబంధనను 2023లో ఎత్తేశారు, కోర్సుల నిబంధన మాత్రం అలాగే ఉంది. సత్నామ్ ఈ చదువు అర్హత అందుకోలేకపోయాడు. అందుకే కాలేజీ ఆట లేకుండానే నేరుగా డ్రాఫ్ట్‌కు వెళ్లాడు. చూసేవారికి అది పెద్ద గెంతు. నిజానికి మధ్యలో మెట్టు లేక వేసిన గెంతు.

కాలేజీ అంటే డిగ్రీ ఒక్కటే కాదు. ఏటా ముప్పైకి పైగా మ్యాచ్‌లు, తన వయసువారితోనే పోటీ, తప్పు చేసి దిద్దుకునే వ్యవధి. ఆట కలిసిరాకపోతే చేతిలో మిగిలే పట్టా సరేసరి. టొరంటోలో పుట్టి పెరిగిన పంజాబీ కుర్రాడు సిమ్ భుల్లర్ న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ తరఫున రెండేళ్లు ఆడి, 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో కింగ్స్ జట్టులో కనిపించాడు. ఎన్‌బీఏలో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడు అతనే. అతని ఎన్‌బీఏ జీవితం మూడు మ్యాచ్‌లతోనే ముగిసింది. అయినా తలుపు దాటి లోపలికి వెళ్లగలిగాడు.

భాష ఒక్కటే కారణమా?

కాదు. ఆట కూడా అదే సమయంలో మారింది. 2015 జూన్‌లోనే గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఫైనల్స్ మధ్యలో తమ భారీ సెంటర్‌ను తొలి అయిదుగురిలోంచి తప్పించి, చురుకైన పొట్టి జట్టుతో టైటిల్ గెలిచింది. బుట్ట కింద నిలబడే పొడుగువారికన్నా పరిగెత్తి దూరం నుంచి బంతి వేసేవారికి గిరాకీ పెరిగింది. రెండో రౌండ్‌లో ఎంపికైనవారికి కాంట్రాక్టు గ్యారంటీ కూడా లేదు. సత్నామ్ 2017 దాకా అనుబంధ లీగ్‌లో టెక్సస్ లెజెండ్స్‌కు ఆడాడు. తర్వాత స్వదేశానికి వచ్చాడు, కెనడా లీగ్‌లోనూ ఆడాడు. 2019 నవంబరులో డోపింగ్ పరీక్షలో హైజెనమైన్ బయటపడి రెండేళ్ల నిషేధం పడింది. అది కొన్ని మొక్కల్లోనే సహజంగా ఉండే పదార్థం. పొడులు, బలం మందుల విషయంలో ఆడే పిల్లలు ఎంత జాగ్రత్తగా ఉండాలో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆట ఆగిన ఆ కాలంలో అతనికి పట్టా లేదు, మరో చదువు లేదు. ఉన్నది శరీరమే. దాన్నే నమ్ముకుని రెజ్లింగ్ వైపు వెళ్లాడు, అక్కడ నిలదొక్కుకున్నాడు. అది అతని పట్టుదల.

మన బడుల్లో చేయగలిగింది

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్, యానాం... ఎక్కడున్నా మన బడి నుంచి ఒక పిల్లవాడు జిల్లా జట్టుకో, క్రీడా హాస్టల్‌కో ఎంపికైతే మొదట వినిపించే సలహా ఒకటే: ‘తెలుగు మానిపించి ఇంగ్లిష్ మీడియంలో వేయండి’. సత్నామ్ అనుభవం ఆ సలహాను బలపరచదు. అతనికి అడ్డొచ్చింది పంజాబీ రావడం కాదు, ఇంగ్లిష్ ఆలస్యంగా, అదీ పరాయి దేశంలో ఒంటరిగా మొదలవడం. పద్నాలుగేళ్లకు మొదలైన పని ఏడెనిమిదేళ్లకే మొదలై ఉంటే? మాతృభాషలో చదవడం, రాయడం గట్టిపడిన పిల్లలు రెండో భాషను ఆ పునాది మీదే కట్టుకుంటారు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. ఆ హక్కును వదులుకోనక్కర్లేదు. దాని పక్కనే రాష్ట్ర భాషనూ, ఇంగ్లిష్‌నూ మాటల వరకే కాక చదివి రాసే స్థాయికి తేవాలి.

ఉపాధ్యాయులు చేయగల పని మరొకటి ఉంది. పోటీలకు వెళ్లిన పిల్లవాడికి పోయిన పాఠాలెన్నో రాసిపెట్టి, తిరిగొచ్చాక వాటిని పూర్తి చేయించాలి. ‘ఆడేవాడు కదా, పాసైతే చాలు’ అని వదిలేసిన ఏడే తర్వాత అర్హత పత్రంలో ఖాళీగా మిగులుతుంది. తల్లిదండ్రులు కూడా ఎంపిక రోజునే అడగాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. హాస్టల్‌లో చదువు ఏ భాషలో? వెనకబడితే చెప్పేవారెవరు? గాయమైతే, జట్టులో చోటు పోతే, ఏ తరగతి సర్టిఫికెట్‌తో ఇంటికొస్తాడు? వీటికి జవాబు దొరికాకే సంతకం పెట్టండి.