మేళాకు మర్యాద, సంతకు మెతుకు

ఈమధ్య హైదరాబాద్‌లో ఒక చేతివృత్తుల ప్రదర్శనకు వెళ్లాను. ఆదిలాబాద్ డోక్రా ఇత్తడి బొమ్మల దుకాణం ముందు ఒక పెద్దాయన అరచెయ్యంత ఇత్తడి ఏనుగును ఎత్తి, అటూ ఇటూ తిప్పి, చేత్తో తూచి చూస్తున్నాడు. "ఇత్తడి కిలో ఎంతుంది బాబూ ఇప్పుడు?" అని అడిగాడు. దుకాణంలో కూర్చున్న కుర్రాడు చెప్పాడు. పెద్దాయన మనసులోనే లెక్క వేసుకుని, "ఇందులో అరకిలో కూడా లేదు కదయ్యా!" అంటూ ఏనుగును కింద పెట్టి పక్క దుకాణానికి నడిచాడు. కుర్రాడి మొహంలో కోపమేమీ లేదు. ఆ మాట ఆ రోజుకి ఎన్నోసారి విన్నాడో!

నాకు పెద్దాయన మీద కూడా కోపం రాలేదు. ఇత్తడి బిందెను తూకం వేయించి కొని, చిల్లు పడ్డాక తూకానికే అమ్మిన తరం ఆయనది. తెలిసిన లెక్కే వేశాడు. ఆ ఏనుగులో తూకానికి రానిది ఇంకేదో ఉందని చెప్పేవాళ్లు అక్కడ లేరు. కుర్రాడు చెబుదామన్నా ఆ మైకుల హోరులో ఎవరికి వినపడుతుంది?

చెప్పాల్సిందేమిటో నేను చెబుతాను. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఉషెగాం, కేస్లాగూడ ఊళ్లలో ఓజ కుటుంబాలు చేసే పని ఇది. ముందు మట్టితో ఏనుగు ఆకారం చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి కాచి, దాన్ని సన్నటి దారంలా తీసి, ఆ మట్టి ఒంటి మీద పోగు పక్కన పోగు చుడతారు. కళ్లూ, చెవులూ, మెడలో గంటలూ అన్నీ మైనమే. దాని మీద మళ్లీ మట్టి మెత్తి, ఒక చిన్న దారి వదిలి కాలుస్తారు. మైనం కరిగిపోయి ఖాళీ అయిన చోటులోకి కాగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పైమట్టిని పగలగొడితే లోపలి ఏనుగు బయటపడుతుంది. పగిలిన ఆ అచ్చు ఇక పనికి రాదు. రెండో ఏనుగు కావాలంటే మళ్లీ మట్టి దగ్గర మొదలుపెట్టాల్సిందే. మొహెంజోదారోలో దొరికిన నాట్యకత్తె బొమ్మను పోసింది కూడా ఈ మైనం పద్ధతిలోనే. పెద్దాయన చేతిలో ఉన్నది అరకిలో ఇత్తడే, నిజం. దాని వెనక ఉన్నది నాలుగు వేల ఏళ్లు దాటిన విద్య.

ఈ విద్య ఇన్నాళ్లు బతికింది ప్రదర్శనల వల్ల మాత్రం కాదు. ఓజలు మొదటినుంచీ పోసింది గోండుల కోసం. వాళ్ల దేవుడైన పెర్సా పెన్ పూజకు కావలసిన వస్తువులు, పశువుల మెడలో గంటలు, దండారీ పండుగలో గుస్సాడీ నృత్యకారులు కట్టుకునే గజ్జెలు వీళ్ల కొలిమి నుంచే గూడేలకు వెళ్లేవి. కొనేవాడికి వస్తువు తెలుసు, చేసినవాడూ తెలుసు. గజ్జె ఒకసారి మోగిస్తే పోత బాగుందో లేదో తేలిపోతుంది. బేరం అప్పుడూ ఉండే ఉంటుంది, కానీ ఆ బేరంలో కిలో ధర ఎవరూ అడగరు. ఇలాంటి వాడుక ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబా పూజకు కుండలు కావాలంటే, ఆ పూజ జరిపే మెస్రం వంశీయులు నేటికీ సిరికొండ కుమ్మరుల దగ్గరే చేయించుకుంటారు. ఆ కుమ్మరి ఇంటికి ఏ మేళా ఆహ్వానమూ అక్కర్లేదు. పుష్యమాసం వస్తుంటే పని దానంతటదే వస్తుంది.

ఓజలకు అలాంటి ఖాతాదారులు తగ్గిపోయారు. గంట కట్టాల్సిన పశువులు తగ్గాయి, కొలిమికెళ్లి చేయించుకునే తీరిక తగ్గింది, చవక సామాను సంత దాకా వచ్చింది. దాంతో పూజగదికీ పశువుల కొట్టానికీ పోసిన చెయ్యి ఇప్పుడు మన డ్రాయింగ్ రూముకు ఏనుగుల్నీ నెమళ్లనూ పోస్తోంది. కొనేవాడు మారాడు. కొత్తగా వచ్చినవాడికి వస్తువూ తెలియదు, చేసినవాడూ తెలియడు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. గిరిజన ఉత్పత్తుల మార్కెటింగ్ కోసం 1987లో ట్రైఫెడ్ పుట్టింది. 'ట్రైబ్స్ ఇండియా' దుకాణాలు తెరిచారు, ఆది మహోత్సవాలు జరుపుతున్నారు. తెలంగాణకు గోల్కొండ షోరూములు, ఆంధ్రప్రదేశ్‌కు లేపాక్షి షోరూములు ఉన్నాయి. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అన్నీ మంచివే. అయితే ఆ గుర్తింపు ప్రాంతానికి వచ్చింది. దాన్ని తన సరుకు మీద వేసుకోవాలంటే 1999 నాటి చట్టం ప్రకారం ఒక్కో కళాకారుడూ అధీకృత వినియోగదారుగా మళ్లీ నమోదు కావాలి. అంత కాగితం పని కొలిమి దగ్గర కూర్చున్నవాడికి ఎవరు చేసి పెడతారు? చేసి పెట్టినా, ఆ ముద్ర అర్థం తెలిసి దానికోసం వెతికే కొనుగోలుదారు ఎక్కడ?

ఇక మేళా సంగతి. మేళాలో కళాకారుడికి మర్యాద దక్కుతుంది, కాదనను. మంత్రిగారు వచ్చి ఏనుగును చేతిలో పట్టుకుంటారు, ఫొటో పేపర్లో పడుతుంది. కానీ మేళా జరిగే పది రోజులూ ఇంటి దగ్గర కొలిమి ఆరిపోయి ఉంటుంది. దాదాపు 300 కిలోమీటర్లు ఇత్తడి మూటలు మోసుకొచ్చినవాడికి మిగిలినవి తిరిగి మోసుకెళ్లడమంటే ప్రాణం మీదికొస్తుంది. బస్సు చార్జీలకూ, మళ్లీ ఇత్తడి కొనడానికీ చేతిలో డబ్బుండాలి. ఆఖరి రోజు సాయంత్రం వ్యాపారి వచ్చేది ఈ సంగతి తెలిసే. "ఉన్నదంతా ఇచ్చేయ్, ఇంత ఇస్తా" అంటాడు. సగం ధరకు కొన్న ఏనుగు తర్వాత ఏ ఏసీ దుకాణం గాజు పలక వెనకో, చేసినవాడి పేరు లేకుండా, నాలుగింతల ధరతో కనిపిస్తుంది. అక్కడ మనం కిలో లెక్క అడగం. అడిగితే పరువు పోతుందని భయం.

సంత తీరు వేరు. ఇంద్రవెల్లిలో సోమవారం సంత ఉంటుంది, అరకులో శుక్రవారం. అమ్మేవాడు పొద్దున వచ్చి చీకటి పడేసరికి ఇల్లు చేరతాడు. అమ్ముడుపోనిది వచ్చే వారానికి ఉంటుంది కాబట్టి వచ్చిన ధరకు వదిలించుకోవాల్సిన తొందర ఉండదు. పోయిన వారం కొన్న గజ్జెకు బీట పడిందనుకోండి, కొన్నవాడు ఈ వారం తెచ్చి చూపిస్తాడు. అమ్మినవాడు అదే చోట ఉంటాడు కాబట్టి జవాబు చెప్పాలి. నమ్మకం అలా పెరుగుతుంది. ఏడాదికోసారి వచ్చిపోయే మేళాకు అంత వ్యవధి ఎక్కడిది?

నేను చెబుతున్నది కాలం చెల్లిన మాట అనుకుంటారేమో. కాదనడానికి ఒక ఊరి ఉదాహరణ చెబుతాను. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్ర రాజధాని శాంటా ఫే.  అక్కడ ఏటా ఆగస్టులో స్థానిక తెగల కళాకారుల పెద్ద మేళా జరుగుతుంది. అది 1922లో మొదలైంది, దాని పేరు లోకమంతటికీ తెలుసు. నాకు నచ్చింది అది కాదు. అదే ఊళ్లో పాత గవర్నర్ల భవనం వసారాలో రోజూ నడిచే చిన్న బజారు. నేల మీద దుప్పటి పరచుకుని వెండి నగలు, మట్టి పాత్రలు పెట్టుకు కూర్చుంటారు. చోట్లకు పొద్దున్నే చీటీలు తీస్తారు. తెగలకు చెందినవాళ్లే కూర్చోవాలి. తాము గానీ, తమ ఇంటివాళ్లు గానీ చేసిందే అమ్మాలి. వస్తువు మీద చేసినవాళ్ల గుర్తు ఉండాలి. దీన్ని నడిపేది ప్రభుత్వ మ్యూజియం. మాకెందుకు చోటివ్వరని తెగలకు చెందని కళాకారులు కోర్టుకెక్కితే, 1979లో అప్పీలు కోర్టు మ్యూజియం పక్షానే నిలిచింది. తెగలవాళ్లు చేయని వస్తువును వాళ్లు చేసిందని చెప్పి అమ్మితే జైలుకు పంపే చట్టాన్ని 1990లో అమెరికా మరింత బిగించింది.

ఇందులో మనకు చేతకానిదేముంది? ఉత్తర తెలంగాణ గుండా 44వ నంబరు జాతీయ రహదారి పోతోంది. కుంటాల జలపాతానికీ, జోడేఘాట్‌లోని కుమురం భీం స్మారకానికీ జనం వస్తూనే ఉన్నారు. ఆ దారుల్లో నాలుగు నీడపట్టులు వేసి, చేసినవాళ్లే కూర్చుని అమ్మాలన్న ఒక్క నియమం పెట్టి, ఏడాది పొడుగునా నడపండి. అరకు వెళ్లే దారిలో కూడా ఇదే మాట. ఒక మూల చిన్న కొలిమి ఉంటే మరీ మంచిది. మైనం పోగు చుట్టడం కళ్లారా చూసినవాడు కిలో ధర అడగడు.

రెండో పని ఇంకా తేలిక. మన ప్రభుత్వాల్లో శాలువా, మెమెంటో లేని సభ లేదు. ఆ మెమెంటోల్లో కొంత వాటా ఉషెగాంకు ఆర్నెల్ల ముందే చెప్పి, ఇత్తడి కొనడానికి అడ్వాన్సు చేతిలో పెడితే కొలిమి ఏడాదంతా మండుతుంది. కొన్న ప్రతి వస్తువు మీదా చేసినవారి పేరు, ఊరు ఉండాలి. గోండుల ఇళ్లు ఒకప్పుడు ఓజలకు చేసిన మేలు ఇదే. ఖాయంగా పని ఇచ్చాయి, చేసినవాడిని గుర్తుపెట్టుకున్నాయి. పెద్ద కొనుగోలుదారు అయిన సర్కారు ఆ స్థానంలోకి రావచ్చు.

ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. అమ్ముకోవచ్చు. కానీ ఫోను తెరమీద మైనం పోగుతో పోసిన ఏనుగూ, ఫ్యాక్టరీ అచ్చులో పోసిన ఏనుగూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. తేడా తెలిసేది చేత్తో పట్టుకున్నప్పుడే. ముందు చేతికి పరిచయం కావాలి, ఫోను తర్వాత.

పాఠకులకు ఒక మాట. పుష్య అమావాస్యకు నాగోబా జాతర వస్తుంది. కేస్లాపూర్ దాకా వెళ్లినవాళ్లు మరికొంత దూరం ఓపిక చేసుకుని ఉషెగాం కూడా వెళ్లి రండి. కొలిమి దగ్గర ఒక అరగంట కూర్చోండి. ఆ తర్వాత కూడా బేరమాడాలనిపిస్తే, నిక్షేపంగా ఆడండి.