తలుపు తీసే చేయి

ఏలూరు రోడ్డులో మా చేతిమీదుగా జరిగిన ఒక తప్పును ముందుగా ఒప్పుకుంటాము. విజయవాడలో బంధువుల కారులో వెనుక సీటున కుడివైపు కూర్చున్నాము. కారు దుకాణాల ముందు ఆగింది. మగ్రిబ్ నమాజుకు వేళ అవుతున్నదన్న తొందరలో వెనుదిరిగి చూడకుండానే తలుపు తెరిచాము. రొట్టెల బుట్టతో వస్తున్న ఒక కుర్రవాడి సైకిలు హ్యాండిలు ఆ తలుపు అంచుకు తగిలింది. అతడు నడిరోడ్డు మీద పడ్డాడు. వెనుక వస్తున్న బస్సు నాలుగడుగుల దూరంలో ఆగింది. అల్‌హందులిల్లాహ్, మోచేయి గీసుకోవడంతో సరిపోయింది. "ఏం కాలేదులెండి" అని అతడే మాకు ధైర్యం చెప్పి, దుమ్ముపట్టిన రొట్టెలను ఏరుకున్నాడు. వాటి వెల తీసుకోవడానికి మాత్రం చాలాసేపు ఒప్పుకోలేదు.

మా మద్రసాకు సైకిళ్ళ మీద వచ్చే పిల్లలకు "ఎడమ అంచునే వెళ్ళండి" అని ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చాము. ఆ మాట సగమే సరైనదని ఆనాడు తెలిసింది. తెరిచిన కారు తలుపు దాదాపు ఒక మీటరు మేర రోడ్డు మీదికి వస్తుంది. సైకిలు ఎడమ హ్యాండిలు దానికి తగిలితే చక్రం ఎడమకు మళ్ళుతుంది, మనిషి మాత్రం కుడివైపుకు, అంటే వచ్చే వాహనాల ముందుకు పడతాడు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే సైకిలు ఒక్క సెకనులో 4 మీటర్లు దాటుతుంది. అది ఇంచుమించు ఒక కారు పొడవు. ముందున్న కారు తలుపు తెరుచుకోవడం చూసి బ్రేకు పట్టేలోపే అక్కడికి చేరిపోతాము.

కనుక ఆగి ఉన్న కార్లకు తలుపంత ఎడం వదిలి, తిన్నగా సాగాలి. రెండు కార్ల నడుమ ఖాళీ కనబడగానే లోపలికి దూరి, మళ్ళీ బయటికి రావడం మరీ ప్రమాదకరం. వెనుక వచ్చేవారికి మన కదలిక అంతుపట్టదు. అప్పుడే ఆగిన కారు, లోపల కనబడే తల, వెలిగి ఆరిన బ్రేకు లైటు, ఇవన్నీ తలుపు తెరుచుకోవచ్చునని చెప్పే గుర్తులే. ఆగిన ఆటోకు, కాలిబాటకు నడుమ సందులో అసలే వెళ్ళరాదు. ఎడం వదలడానికి చోటు లేకపోతే నడక వేగానికి తగ్గాలి, లేదా దిగి నడిపించుకుంటూ పోవాలి. హారన్లకు జడిసి కార్ల పక్కకు ఒదిగిపోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

అయితే భారమంతా సైకిలు తొక్కే పసివాడి మీద మోపడం న్యాయం కాదు. దారికి దాని హక్కు ఇవ్వమన్న ప్రవక్త (స) బోధలో ఇతరులకు హాని తలపెట్టకపోవడమూ ఉన్నది. కారులో కూర్చున్న మనకు ఆ హక్కు మరింత వర్తిస్తుంది. నెదర్లాండ్స్‌లో వాడుకలో ఉన్న ఒక పద్ధతిని బ్రిటన్ 2022లో తన హైవే కోడ్‌లో చేర్చింది: తలుపుకు దూరంగా ఉన్న చేతితో తలుపు తీయడం. కుడివైపు కూర్చున్నవారు ఎడమ చేయి చాపితే భుజమూ, దానితోపాటు తలా వాటంతట అవే వెనక్కు తిరుగుతాయి. వచ్చే సైకిలు కనబడుతుంది. మంచి పనికి కుడి చేయి అని పిల్లలకు నేర్పే మన ఇళ్ళలో ఇది కాస్త వింతగా తోచవచ్చు. అన్నం తినడం వేరు, తలుపు తీయడం వేరు!

మా బంధువులు ఇప్పుడు కుడివైపు వెనుక తలుపుకు చైల్డ్ లాక్ వేసి, పిల్లలను ఎడమవైపు నుంచే దించుతున్నారు. ఆదివారం ఇంటి ముందు ఆగి ఉన్న కారులో కూర్చుని మేమూ ఎడమ చేతితో పదిసార్లు తలుపు తీసి చూసుకున్నాము. ఏడోసారికి గాని చేయి మాట వినలేదు.