సొరపుట్టుకు పగవాడు సైటిస్ కాదు

‘సొర చేప మన తిండి. దానిమీద విదేశీ ఒప్పందాల పెత్తనమేంటి?’ ఈ వాదన నెల్లూరు తీరం దాటి, సముద్రం కనిపించని బుచ్చిరెడ్డిపాలెం దాకా పాకింది. బాలింతకు సొరపుట్టు వండిపెట్టే ఇళ్లలో ఆ కోపం పుట్టడం సహజం. అయితే అది పడాల్సిన చోట పడటం లేదు.

1973లో వాషింగ్టన్‌లో కుదిరిన సైటిస్ ఒప్పందం దేశాల మధ్య సాగే వన్యజీవుల వ్యాపారాన్నే అదుపు చేస్తుంది. 2022లో పనామాలో జరిగిన సైటిస్ సమావేశం పాల సొర కుటుంబం మొత్తాన్ని రెండో అనుబంధంలో చేర్చింది. అంటే ఎగుమతికి అనుమతి పత్రం ఉండాలి, దానివల్ల ఆ జాతికి చేటు లేదని మన శాస్త్రవేత్తలే తేల్చాలి. మన పొయ్యి మీది కూర జోలికి సైటిస్ రాదు.

‘విదేశీ’ అన్న నిందా నిలవదు. తిమింగల సొరను మన దేశం 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చింది. సైటిస్ దాన్ని చేర్చుకున్నది 2002లో, ఆ ప్రతిపాదన పెట్టిన దేశాల్లో మనదీ ఒకటి. 2015లో సొర రెక్కల ఎగుమతిని ఆపిందీ మన కేంద్ర ప్రభుత్వమే.

సొరను మనకు దూరం చేసేది హాంకాంగ్ దాకా సాగే రెక్కల బేరం. కానాగంతలు వేలకు వేలు గుడ్లు పెడతాయి. పాల సొర ఏడాది పాటు కడుపు మోసి, మామూలుగా రెండు నుంచి అయిదు పిల్లల్నే కంటుంది. మాంటా టేకు చేప కొన్నేళ్లకోసారి ఒక్క పిల్లను కంటుంది. ఇంత నిదానంగా పెరిగే సంతతి ఎగుమతి ఆకలికి ఎలా తట్టుకుంటుంది? నడిసముద్రపు సొరలు, టేకులు 1970 నుంచి 71 శాతం తగ్గాయని 2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. రంపపు ముక్కు చేపల వ్యాపారంపై సైటిస్ 2007లో గానీ కళ్లెం వేయలేదు. అప్పటికే అవి చాలా తీరాల్లో కనుమరుగయ్యాయి. ఆలస్యానికి మూల్యం అది.

వల జాతిని చూసి పట్టదన్న మత్స్యకారుల మాట మాత్రం ముమ్మాటికీ నిజం. రక్షణ భారమంతా వాళ్ల నెత్తిన వేయడం అన్యాయం. గుజరాత్‌లో తిమింగల సొరను వదలడానికి వల కోసుకున్నవాళ్లకు అటవీ శాఖ పరిహారం ఇస్తోంది. నెల్లూరు నాయకులు వేదికలెక్కి అడగాల్సింది అలాంటి పరిహారాన్ని, ప్రతి రేవులో జాతుల వారీ లెక్కలను. ఒప్పందాన్ని ఎంత తిట్టినా మన వలలోకి ఒక్క సొర కూడా అదనంగా రాదు.