న్యూట్రాన్ పుంజానికి వడపోత: వేరు పరిశోధకులు అడగవలసిన ప్రశ్న

మట్టిని తవ్వకుండా, వేరును కదపకుండా, మొక్క నీటిని ఎక్కడి నుండి గ్రహిస్తున్నదో చూడగల సాధనం న్యూట్రాన్ చిత్రణ. న్యూట్రాన్లు నీటిలోని హైడ్రోజన్‌ను తాకి బలంగా చెదరిపోతాయి. ఇసుకను, అల్యూమినియం తొట్టెను సులువుగా దాటిపోతాయి. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థలో లూపిన్ మొక్కలపై జరిగిన ప్రయోగాలలో, మట్టి ఆరుతున్నపుడు వేరును అంటిన పొర పరిసర మట్టికన్న తేమగా ఉండడం, తిరిగి తడిపినపుడు అదే పొర కొంతకాలం పొడిగా మిగలడం ఈ పద్ధతిలోనే వెల్లడైంది.

అయితే పుంజం శుద్ధిని భౌతిక శాస్త్రజ్ఞుల వ్యవహారంగా వదిలివేయడం సరికాదు. రియాక్టరు నుండి ఉష్ణ న్యూట్రాన్లతోపాటు వేగవంతమైన న్యూట్రాన్లు, గామా కిరణాలు కూడ వెలువడతాయి. మట్టి, నీరు కలిసి పుంజంలో 20 శాతాన్ని మాత్రమే దాటనిచ్చాయనుకొందాం. అవాంఛిత వికిరణం అసలు పుంజంలో 5 శాతమంత అదనంగా నమోదైతే, లెక్కకు వచ్చే క్షీణత వాస్తవంకన్న సుమారు 11 శాతం తగ్గుతుంది. 50 శాతం దాటే పొడి భాగంలో ఆ లోపం 7 శాతానికి మించదు. తడి పెరిగినకొద్దీ తప్పు కూడ పెరుగుతున్నందువలన, ఒకే గుణకంతో దీనిని సరిదిద్దలేము. రెండు వేరుశనగ రకాల నీటి వినియోగంలోని భేదం ఇంతకన్న చిన్నదైనపుడు ఆ పోలికకు విలువ ఏమున్నది?

దీనికి పరిష్కారం పుంజం మార్గంలో ఏక స్ఫటికాన్ని నిలుపడం. క్రమబద్ధమైన స్ఫటికంలో మందగతి న్యూట్రాన్లు చాలవరకు చెదరక సాగిపోతాయి. వేగవంతమైనవి పరమాణువులను ఢీకొని పక్కకు తొలగిపోతాయి. పరమాణువుల ఉష్ణ కంపనమే మందగతి న్యూట్రాన్లకు ఆటంకం. ద్రవ నత్రజనితో 77 కెల్విన్‌కు చల్లబరచితే ఆ కంపనం తగ్గి ప్రసారం పెరుగుతుంది. సిలికాన్, క్వార్ట్జ్, బిస్మత్‌లకు ఈ శీతలీకరణ ఎంతో మేలు చేస్తుంది; బిస్మత్ గామా కిరణాలను కూడ అడ్డుకొంటుంది. నీలమణి గది ఉష్ణోగ్రతలోనే చక్కగా పనిచేస్తుంది కనుక దానిని చల్లబరచడం వలన కలిగే లాభం స్వల్పం. బహుస్ఫటిక బెరీలియం తీరు వేరు: 3.96 ఆంగ్‌స్ట్రామ్‌లకు మించిన తరంగదైర్ఘ్యం గల న్యూట్రాన్లనే అది దాటనిస్తుంది. వేరు చిత్రణలో అంత కఠినమైన వడపోత పుంజాన్ని అనవసరంగా పలుచన చేస్తుంది.

వడపోత వలన చిత్రీకరణ సమయం పెరుగుతుందన్న అభ్యంతరంలో నిజం లేకపోలేదు. మొక్క ఒక గంటలో చేసే పనిని కొలిచేవారికి అది చిన్న నష్టం కాదు. కాని తప్పుడు సంఖ్యను త్వరగా పొందడంలో ప్రయోజనం లేదు. ద్రవ నత్రజని కూడ వ్యవసాయ రంగానికి కొత్తది కాదు. పశువుల కృత్రిమ గర్భధారణకై వీర్యాన్ని నిలువచేసే పాత్రలు పల్లెల పశువైద్యశాలలకు చేరి చాలాకాలమైంది.

1985లో క్రాంతిక స్థితికి చేరిన ట్రాంబేలోని 100 మెగావాట్ల ధ్రువ రియాక్టరు పుంజాలను వినియోగించుకొనేందుకు యు.జి.సి.–డి.ఎ.ఇ. కన్సార్షియం ద్వారా విశ్వవిద్యాలయాలకు మార్గమున్నది. తొలి ప్రయత్నానికి అనంతపురం ఎర్ర ఇసుక నేలలు అనువైనవి. నల్లరేగడిలోని బంకమన్ను పట్టి ఉంచే నీరు, హైడ్రోజన్ చిత్రాన్ని మసకబారుస్తాయి. మొక్కను నాటడానికి ముందే, తెలిసిన పరిమాణంలో నీరు కలిపిన మట్టి తొట్టెలను వడపోతతోను, వడపోత లేకుండను చిత్రించి, ఆ రెండు లెక్కలను ప్రతిపాదనకు జతపరచవలెను.