పందెం కాసింది ఎవరి సొమ్ము?

అనకాపల్లిలో మొన్న జరిగిన మా సమావేశంలో ఒక తీర్మానం పెట్టారు. సెల్‌ఫోన్లలో వచ్చే పేకాటలన్నింటినీ, డబ్బు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వం నిషేధించాలనీ, ఆడుతూ దొరికిన కుర్రాళ్ల మీద కేసులు పెట్టాలనీ దాని సారాంశం. దాదాపు నలభైమంది చేతులెత్తారు. నేను ఎత్తలేదు. "మగాళ్ల పేకాటకి నువ్వు వకాల్తా పుచ్చుకున్నావేంటమ్మా?" అని మాలో పెద్దావిడ ఒకరు అందరి ముందూ అడిగారు. సారా వ్యతిరేక ఉద్యమం రోజుల నుంచీ ఆమె నాకు గురువు. ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

ముందు ఆ తీర్మానం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. మా డ్వాక్రా గ్రూపులో ఒకామె బెల్లం మార్కెట్‌లో కూలిపని చేస్తుంది. పొద్దుట నాలుగింటికి లేచి ఇంటిపని ముగించుకుని, దిమ్మలు సర్దే చోటుకి పోతుంది. భర్తది ఆటో. కొడుకు ఇంజనీరింగు రెండో ఏడు. గేదెను కొంటామని గ్రూపులో తీసుకున్న 60,000 రూపాయలు ఆమె భర్త ఫోనులోంచి రమ్మీ కంపెనీకి పోయాయి. తరవాత ఆమె పుట్టింటివారు పెట్టిన మూడు తులాల గొలుసు తాకట్టుకెళ్లింది. మన రాష్ట్రంలో ఈ ఆటను 2020లోనే నిషేధించారు కదా అని మీరడగవచ్చు. వేరే రాష్ట్రంలో ఉన్నట్టు ఫోనును నమ్మించే యాప్ ఒకటుందట. స్టాండులో ఎవరో వేసి పెట్టారు. చట్టం ఆ రాష్ట్రం సరిహద్దు దగ్గరే ఆగింది, గొలుసు మాత్రం ఇంట్లోంచి వెళ్లిపోయింది.

దసరా ముందు ఒక రాత్రి ఆమె కొడుకు చేతిలో ఫోను చూసింది. తెర నిండా ఇస్పేట్లు, ఆఠీన్లు, ఒక జోకరు బొమ్మ. ఇంకేమీ అడగకుండా లాక్కుని గోడకేసి కొట్టింది. తెల్లారి నా దగ్గరకొచ్చి ఏడ్చింది. "ఓలప్పా, అయ్య పేకాటే, కొడుకూ పేకాటే. ఇల్లు ఏటైపోవాల? అందుకే పగలగొట్టీసేను" అంది. ఈ కథ విన్నాకే మా వాళ్లు తీర్మానం రాశారు. ఆమె కోపంలో అన్యాయం లేదు. తీర్మానంలోనే పొరపాటు ఉంది.

ఆ కుర్రాణ్ణి పిలిచి అడిగాను. వాడాడేది బలాట్రో అనే ఆట. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. కెనడాలో ఒక మనిషి, అసలు పేరు బయటపెట్టకుండా, దాదాపు ఒంటరిగా తయారుచేశాడు. నెల తిరిగేసరికి పది లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. స్నేహితుడి ఫోను తెప్పించి నాకూ నేర్పమన్నాను. వాడు ముందు నవ్వాడు, తరవాత ఓపిగ్గా నేర్పాడు.

ఆట ఇలా ఉంటుంది. మన చేతిలో 52 ముక్కల పేక. కొన్ని ముక్కలు పంచుతుంది. అందులోంచి ఐదింటి వరకూ ఎంచి జతో, వరసో, ఒకే రంగు ఐదు ముక్కలో పరిస్తే పాయింట్లు వస్తాయి. అది పోకరు పద్ధతి. కాని ఎదురుగా మరో మనిషి లేడు. యంత్రం ఒక లక్ష్యం పెడుతుంది, దాన్ని దాటాలి. దాటితే ఆటలోని ఉత్తుత్తి నాణేలతో ఒక దుకాణంలో జోకర్లను కొనుక్కోవచ్చు. అలాంటివి 150 ఉన్నాయి, ఒక్కొక్కటి లెక్కను ఒక్కో రకంగా మారుస్తుంది. పేకలో ముక్కలు చేర్చవచ్చు, తీసేయవచ్చు. మన పేకను మనమే కట్టుకుంటూ పోతాం కనుక దీన్ని డెక్‌బిల్డరు అంటున్నారు. లక్ష్యం తప్పితే అంతా పోతుంది, మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలు. 1980లో వచ్చిన రోగ్ అనే ఆట నుంచి ఈ పద్ధతి వచ్చిందని దీనికి రోగ్‌లైక్ అని పేరు. ఆట ఒకసారి కొంటే అంతే. లోపల మన రూపాయి పెట్టడానికి దారి లేదు, తీసుకోవడానికీ లేదు.

నేను నాలుగుసార్లు ఆడాను. నాలుగుసార్లూ మూడో మెట్టు దగ్గరే ఓడిపోయాను. నేను ఓడినందుకు ఎవరి మెడలోదీ తాకట్టుకు పోలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఈ ఆట హక్కులను జూదం కంపెనీలకు ఎన్నటికీ అమ్మకూడదని దాన్ని తయారుచేసిన మనిషి వీలునామా రాసుకున్నానని ప్రకటించాడు. అతనికి హారతులు పట్టమని కాదు, అతనూ సరుకు అమ్ముకునేవాడే. కాని పేకకూ పందేనికీ తేడా అతనికి తెలిసినంతయినా మనకు తెలియాలి కదా!

ఆ తేడా తెలియక తికమకపడింది మనమొక్కరమే కాదు. యూరప్‌లో వీడియో ఆటలకు వయసు ముద్ర వేసే పెగీ అనే సంస్థ ఉంది. పోకరు చేతులు నేర్పుతుందని అది బలాట్రోకు 18 ఏళ్ల ముద్ర వేసింది. నిజం డబ్బు పోసి, లోపల ఏ ఆటగాడు వస్తాడో తెలియని పొట్లాలు కొనే ఫుట్‌బాల్ ఆటకు అదే సంస్థ 3 ఏళ్ల ముద్ర ఇచ్చింది. మూడేళ్ల పిల్లాడి ముందు పొట్లం పెట్టవచ్చు, పదిహేడేళ్ల వాడికి పేక చూపించకూడదు! గగ్గోలు పుట్టాక, అప్పీలు మీద, 2025 ఫిబ్రవరిలో బలాట్రో ముద్రను 12 ఏళ్లకు దించారు. బొమ్మను చూసి భయపడేవాళ్లు డబ్బు ఎటు పోతోందో చూడరు. మా తీర్మానం కూడా ఆ దారిలోనే నడిచింది.

మన కోర్టులూ, ప్రభుత్వాలూ ఏం చేశాయి? సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ కె. సత్యనారాయణకూ మధ్య కేసు అది. రమ్మీ మూడుముక్కలాట వంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, అందుచేత అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది. అరవై ఏళ్లుగా రమ్మీ వ్యాపారులంతా ఈ వాక్యాన్నే అడ్డం పెట్టుకున్నారు. కాని అదే తీర్పులో ఇంకో మాట ఉంది. పందెం కాసి ఆడే ఆట మీద ఇంటి యజమానో, క్లబ్బో లాభం తీస్తున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం కిందకు రావచ్చు అని. ఈ సగాన్ని ఎవరూ తలవలేదు. బల్ల పక్కన కూచుని ప్రతి ఆట మీదా వాటా పట్టుకునే క్లబ్బు ఫోనులోకి దూరి కోట్లకు పడగలెత్తింది. మన వకీళ్లు మాత్రం నైపుణ్యమా, అదృష్టమా అని వాదించుకుంటూ కూచున్నారు. మా బెల్లం మార్కెట్ చెల్లెలికి ఆ వాదంతో ఏం పని? నైపుణ్యంతో పోగొట్టినా, అదృష్టం లేక పోగొట్టినా ఆ అప్పు కట్టేది ఆమే.

తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో డబ్బు రమ్మీని నిషేధించాయి. ఆడుతూ దొరికితే ఆరు నెలల జైలని మన మంత్రివర్గం అప్పట్లో ప్రకటించింది. ఆరు నెలలు భర్త జైల్లో ఉంటే ఆటో వాయిదా ఎవరు కడతారన్నది మంత్రివర్గం ఆలోచించినట్టు లేదు. ఇటు రాష్ట్రం నిషేధిస్తుంటే, 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాడు జమ చేసే మొత్తం మీద 28 శాతం జిఎస్‌టి వేశారు. గేదె డబ్బులో ప్రభుత్వానికీ వాటా దక్కిందన్నమాట. ఎక్సైజు ఆదాయం పోతుందని సారాను వదల్లేని ప్రభుత్వాలను చూసిన మనకు ఇది కొత్త కాదు.

చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆట నేరమంది. ఆడించినవాళ్లకు మూడేళ్ల వరకూ జైలు, కోటి రూపాయల వరకూ జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్లు. ఆడినవాళ్లకు శిక్ష లేదు. డబ్బు లేని ఆటలను వేరే కోవలో పెట్టింది. ఏటా 45 కోట్లమంది దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వ అంచనా. పెద్ద కంపెనీలు వెంటనే డబ్బు ఆటలు మూశాయి, కొన్ని కంపెనీలు కోర్టుకెక్కాయి. వరసగా ముగ్గురు ముఖ్యమంత్రులకు అర్జీలిచ్చిన మనకు, ఇన్నాళ్లకు ఒక చట్టం ముక్కను వదిలి సొమ్మును పట్టుకుంది. ఈ పరిస్థితిలో మనం వెనక్కి పోయి "ముక్కను కూడా పట్టుకోండి" అని అడగడమేమిటి?

పెద్దావిడ వాదన నాకు తెలుసు. ఇవాళ ఉత్తుత్తి నాణేలు, రేపు నిజం రూపాయలు, మరిగించేదీ ఇదే కదా అంటారామె. ఇందులో కొంత నిజముంది. నేనే రాత్రి పదకొండు దాకా ఇంకొక్క ఆట అనుకుంటూ కూచున్నాను. ఆ కుర్రాడికి పరీక్షల్లో రెండు పేపర్లు మిగిలిపోయాయి. తల్లి దిమ్మలు మోసి కడుతున్న ఫీజు అది. దాన్ని గురించి వాడితో గట్టిగానే మాట్లాడాను. కాని చదువు పాడుచేసుకున్న కొడుకుతో తల్లి పోట్లాడటం వేరు, వాడి మీదకు పోలీసును తోలమని సంఘం అడగటం వేరు. పోలీసు వస్తే ఏమవుతుందో మనకు తెలియదా? సంక్రాంతికి పేకాట శిబిరాల మీద దాడి చేసి, ముక్కలు, నోట్లు బల్ల మీద పరిచి, కుర్రాళ్లను వరసగా కూచోబెట్టి ఫోటో తీస్తారు. ఆడించినవాడు ఆ ఫోటోలో ఎప్పుడైనా కనిపించాడా? జరిమానా కట్టడానికి చెవి దుద్దులు తీసి ఇచ్చేది తల్లే.

1992లో దూబగుంట ఆడవాళ్లు తాటిచెట్లు నరకమనలేదు. సారా పాటలు ఆపమన్నారు. సరుకు ఎవరు పంపుతున్నారో, ఆ డబ్బు ఏ ఖజానాకు పోతోందో పట్టుకున్నారు. 1995లో నిషేధం తెచ్చుకున్నాం, 1997లో పోగొట్టుకున్నాం. అయినా ఆ ప్రశ్న సరైనదే.

పేకంటేనే మనలో ఉన్న ఏవగింపు గురించి కూడా ఒక మాట. గురజాడ పుట్టిన ఎస్. రాయవరం ఇప్పుడు మా అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ఆయన కన్యాశుల్కంలో పేకాట సాగేది మధురవాణి ఇంట్లో, ముక్కలు పట్టి ఆడేవాళ్లలో ఆమే ఉంది. పేక పట్టిన ఆడది అంటే ఇప్పటికీ మనవాళ్లకు అదే బొమ్మ గుర్తొస్తుంది. మగాడు ఆడితే వ్యసనం, ఆడది ఆడితే శీలం. మధ్యాహ్నం రెండు గంటలు కూచుని ఊరికే ఏదో ఒక ఆట ఆడుకునే తీరిక మన గ్రూపులో ఎంతమందికి ఉంది? వామనగుంటలు ఆడిన చివరిసారి ఎప్పుడో చెప్పమంటే ఎవరికీ గుర్తులేదు. ఆటనే పాపంగా చూసే తీర్మానం చివరకు మన నెత్తినే పడుతుంది.

ద్రౌపదిని సభకు ఈడ్చినప్పుడు ఆమె పాచికలను తిట్టలేదు. తన్నోడి నన్నోడెనా, నన్ను పందెం పెట్టే హక్కు ఆయనకెక్కడిదని అడిగింది. ఆ ప్రశ్నకు ఇప్పుడు చట్టంలో జవాబుంది, మనమే వాడుకోవడం లేదు. స్త్రీధనం భార్య సొంత ఆస్తి అనీ, దాన్ని భర్త స్వాహా చేస్తే నమ్మకద్రోహం నేరమవుతుందనీ ప్రతిభారాణి కేసులో 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2005 గృహహింస చట్టం మూడో సెక్షనులో ఆర్థిక హింస అన్న మాట ఉంది. భార్యకు హక్కున్న నగలు, ఆస్తి, స్త్రీధనం అమ్మేయడం, అన్యాక్రాంతం చేయడం దానికింద వస్తుంది. ఇక మీదట అమ్మకుండా మేజిస్ట్రేటు 18వ సెక్షను కింద ఆపవచ్చు. పోయినదానికి 20వ సెక్షను కింద డబ్బు ఇప్పించవచ్చు. కొట్టిన దెబ్బలు కనిపిస్తేనే మనం ఈ చట్టం కింద ఫిర్యాదు రాయిస్తున్నాం. రమ్మీలో పోయిన గొలుసు గురించి మా దగ్గర ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు, ఎవరినీ రాయమని మేమూ అనలేదు.

అందుకని నేను తీర్మానాన్ని తిరగరాసి ఇచ్చాను. 2025 చట్టాన్ని ఆడించినవాళ్ల మీదా, ప్రకటనల్లో నవ్విన సినిమా, క్రికెట్ ప్రముఖుల మీదా అమలు చేయమని అందులో అడిగాను. ఇంకా రహస్యంగా వస్తున్న లింకుల సంగతి మా గ్రూపుల్లో ఆడవాళ్లే చెబుతున్నారు, అవి తీసుకునే ఫిర్యాదు కేంద్రం కావాలన్నాను. గ్రూపు అప్పు సభ్యురాలి చేతికి అందాక భర్త ఖాతాకు మళ్లకుండా బ్యాంకు చూడాలన్నాను. రమ్మీకి పోయిన అప్పును మిగతా తొమ్మిదిమంది నెత్తిన రుద్దకుండా వాయిదాలు పొడిగించాలన్నాను. బలాట్రో పేరు తీసేశాను. పెద్దావిడ చదివి, కళ్లజోడు తీసి, వచ్చే సమావేశంలో పెడదాం అన్నారు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

గొలుసు తాకట్టు గడువు మాఘమాసం చివరికి తీరిపోతుంది. గృహహింస చట్టం కింద అర్జీ రాసి ఉంచాను. మా చెల్లెలు ఇంకా సంతకం పెట్టలేదు. "అత్తకి తెలిస్తే బతకనివ్వదు అప్పా, రెండ్రోజులు ఆగు" అంటోంది. కొడుకు మాత్రం రక్షణాధికారి ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని వచ్చాడు. గురువారం మళ్లీ వాళ్లింటికి వెళుతున్నాను.